వదిలే వరుస

తడిసిన ఉన్ని శాలువా వేడికి ఆరుతుంటే ఒక వాసన వస్తుంది. నిన్న మా కోడలు వానలో తడిసిన శాలువాను ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతుంటే, ఆ వాసనకి చేతిలో పని ఆపేసి కూర్చుండిపోయాను. ఎనభైలలో అరకులోయలోని మా చిన్న ఆఫీసులో, కంప్యూటర్ వెనకనుంచి వచ్చే వేడిగాలికి కామేశ్వరి మేడమ్ తన శాలువా ఆరబెట్టుకునేవారు. "ఈ మిషను వల్ల మనకి ఖాయంగా జరిగే మేలు ఇదొక్కటేనే అమ్మడూ" అని నవ్వేవారు. ఆవిడది శ్రీకాకుళం వైపు. ఎంత పెద్ద ఇంజనీరయినా ఇంటి యాస వదులుకోలేదు. ఆవిడే నా మొదటి బాసు.

కొండ మీద గెడ్డలో, అంటే వాగులో, నీటిమట్టం పెరిగితే అక్కడి పరికరం రేడియోలో కబురు పంపుతుంది. మా కంప్యూటర్ దాన్ని అందుకుని, కింద జనం గెడ్డ దాటే చోట సైరన్ మోగించాలి. రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య నడిచే ప్రోగ్రాంను, అంటే డ్రైవర్‌ను, మేమిద్దరమే రాశాం. వానకి రేడియో తరచూ తెగిపోయేది. తెగినప్పుడల్లా డ్రైవర్ తాను కంప్యూటర్ నుంచి తీసుకున్నవి తిరిగి ఇచ్చేసి మళ్ళీ మొదలవ్వాలి. కబురు దాచుకునే మెమరీ ఒకటి, కబురొచ్చిందని పిలిచే లైను ఒకటి. ఇవ్వడం మరిచిపోతే కొంతసేపటికి కంప్యూటర్‌లో తీసుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ ఇవ్వడం దగ్గరే మా ఇద్దరికీ పేచీ. దేన్నయినా వదిలే వాక్యం ప్రోగ్రాంలో మన చేత్తో మనమే రాయాలని మేడమ్. తీసుకునేటప్పుడే దాన్నెలా వదలాలో సిస్టంకి చెప్పి ఉంచితే, ఆగినప్పుడు చివర తీసుకున్నదానితో మొదలుపెట్టి అదే అన్నీ వదిలేస్తుందని నేను.

"ఏటే, నువ్వు తిన్న కంచం ఇంకోళ్ళు కడగాలా?"

"మరిచిపోతే, మేడమ్?"

"మరిసిపోకు."

చివరికి రాజీ పడ్డాం. మెమరీ ఆవిడ పద్ధతిలో, లైను నా పద్ధతిలో. నెలల తరబడి బాగానే నడిచింది.

ఒక సంత రోజు పొద్దున్న, వాన జోరుగా పడుతుండగా తెర బిగుసుకుపోయింది. మేడమ్ కంప్యూటర్ వంక ఒక్కసారి చూసి, "దీని సంగతి తరవాత. పద పద, బేగి" అని జీపెక్కించారు. మేం గెడ్డ దాటే రేవుకి వెళ్ళేసరికి మా ఆఫీసులో వంట చేసే చిలకమ్మ నెత్తిన అల్లం గంపతో నీళ్ళలో దిగి ఉంది. పైనుంచి ఎర్రటి నీళ్ళు వచ్చేస్తున్నాయి. మా కేకలకి ఆమె వెనక్కి తిరిగింది. గంప కొట్టుకుపోయింది. మేమిద్దరం చెయ్యందించి ఒడ్డుకి లాగాం.

"కూత రానేదు గదమ్మా. కూత రానేదనే దిగినాను" అంది చిలకమ్మ, వణికిపోతూ.

మేడమ్ ఆ బురదలోనే ఆమె పక్కన చతికిలబడి, తన శాలువా కప్పి, రెండు చేతులూ పట్టుకున్నారు. "మా పని సెడిపోనాది చిలకమ్మా. నీ తప్పేం లేదు. మేం బాగుసేసేదాకా కూతని నమ్మకు, నీళ్ళని సూసుకో" అన్నారు. అక్కడున్న వాళ్ళందరికీ అదే మాట చెప్పి, వరద తీసేదాకా గట్టు మీదే నిలబడ్డారు.

లోపం ఎక్కడుందో మధ్యాహ్నానికి దొరికింది. రేడియో తెగింది. డ్రైవర్ ఆగేముందు మేడమ్ రాసిన వాక్యం మెమరీని వదిలేసింది. నేను అప్పజెప్పిన లైనును మాత్రం సిస్టం ఆ తర్వాతే వదులుతుంది. ఆ రెండింటి మధ్య సందులో కొండ మీదనుంచి పిలుపు వచ్చింది. దాన్ని దాచే మెమరీ అప్పటికే లేదు. మొత్తం కూలిపోయింది. విడివిడిగా ఆవిడదీ సరైనదే, నాదీ సరైనదే. కలిపిన చోటే వరుస తప్పింది.

మర్నాడు, అన్నీ చేత్తోనే వదిలేలా రాద్దామని చెప్పడానికి నేను ముందుగా ఆఫీసుకి వెళ్ళాను. మేడమ్ అప్పటికే తన వాక్యాలన్నీ తుడిచేసి, మెమరీని కూడా నా పద్ధతిలోకి మారుస్తున్నారు.

"అదేంటి మేడమ్, మీ మాటే బాగుందని చెబుదామని వచ్చాను!"

ఆవిడ పకపకా నవ్వారు. "నానుంటే గుర్తెట్టుకుంటాను. నాను ఎల్లిపోయాక ఈ పనికొచ్చే నీలాటి గుంటకి ఎవులు సెబుతారే? ముందు మెమరీ, తరవాత లైను తీసుకుంటే, వదిలేటప్పుడు ముందు లైనే వదులుతాది. నీ పద్ధతిలో వరస దానంతటదే కుదురుతాది." తర్వాత ఇద్దరం కూర్చుని, కావాలని రేడియో తెంపుతూ, సరిగ్గా వదిలే క్షణంలో పిలుపు పంపుతూ, ఆ వారమంతా పరీక్షించాం. రేవు దగ్గర సైరన్ విన్నానని చిలకమ్మ వచ్చి చెప్పాకే మేడమ్ నమ్మారు.

మరుసటి ఏడాది ఆవిడకి బదిలీ అయింది. ఉత్తరాలు కొన్నాళ్ళు నడిచాయి, తర్వాత ఆగాయి. ఇప్పటి సిస్టంలు తీసుకున్నవి వాటంతటవే వదిలేస్తాయి. నా దగ్గర పనిచేసే పిల్లలకి ఆ గొడవ కథలా ఉంటుంది. కానీ ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే కాదు. మొన్న మేం ఒక ఆసుపత్రిలో అమర్చిన పరికరం మధ్యలో ఆగిపోయింది. రోగికి ప్రాణాపాయం తప్పింది. పిల్లలు లాప్‌టాప్‌లు తెరిచి కారణం వెతకడం మొదలుపెట్టారు. నేను వార్డులోకి వెళ్ళాను. తన చేతుల్లోనే ఏదో తప్పు జరిగిందనుకుని ఒక నర్సు మూల నిలబడి ఏడుస్తోంది. ఆమెను కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, "మా పని చెడిపోయిందమ్మా. నీ తప్పేం లేదు" అన్నాను.