నీళ్లలో అడిగే ప్రశ్న

కత్తెరక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్లుగా బట్టలు కత్తిరిస్తోంది, అంతకు ముందు నుంచే ఎదుటివాళ్ల మాటలు కత్తిరిస్తోంది. వాళ్ల బాప్తిస్టు సంఘంలో బాప్తిస్మం తీసుకునేవాళ్లందరికీ తెల్ల అంగీలు కుట్టేది ఆవిడే. నీళ్లలో దిగినప్పుడు అంగీ పైకి తేలకుండా అంచు మడతలో సీసం బిళ్లలు పెట్టి మరీ కుడుతుంది. "తేలిందంటే పోయేది మీ పరువొక్కటే కాదు, నా కుట్టు మిషను పరువు కూడా" అంటుంది.

పదిహేడో ఏట తనూ ఆ సంఘం బాప్తిస్మం తొట్టిలో నిలబడింది. ముంచే ముందు పాస్టరు అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగాడు: "ఇది నీ సొంత నిర్ణయమేనా? ఎవరి బలవంతమైనా ఉందా?" "లేదు!" అని ఎంత గట్టిగా అరిచిందంటే వెనక వరసలో నవ్వారు. ఆ ప్రశ్న కోసమే కదా ఆ సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు! ఒకరి తరఫున ఇంకొకరు జవాబు చెప్పే పద్ధతి అక్కడ లేదు.

ఇరవై రెండేళ్లుగా, ఆదివారం ఆరాధన అయ్యాక, కత్తెరక్క కొట్లో కటింగ్ బల్ల చుట్టూ ఆడవాళ్లు చేరేవారు. ఒకరు వాక్యం చదివితే, ప్రతి ఒక్కరూ తమకు తోచింది చెప్పాలి. "నాకేం అర్థం కాలేదు" అన్నా చెల్లుతుంది. పాత పాస్టరు కూడా అప్పుడప్పుడు వచ్చి, ఓ మూల స్టూలు మీద కూర్చుని, కిమ్మనకుండా వినేవాడు.

ఆయన పోయాక కొత్త పాస్టరు వచ్చాడు, వస్తూనే ఒక కాగితం తెచ్చాడు. తొమ్మిది అంశాలు. ఆరోది: లేఖనానికి పాస్టరు చెప్పిన అర్థమే అర్థం. సంతకం పెట్టనివాళ్లు బోధించకూడదు, బాప్తిస్మం తీసుకోకూడదు.

కత్తెరక్కకు ఒళ్లు మండిపోయింది.

"తలా ఒక అర్థం చెబుతుంటే సంఘం ఏమైపోవాలమ్మా? ఇదంతా క్రమశిక్షణ కోసమే" అన్నాడాయన మెత్తగా.

"ఆ కాలంలో మన బాప్తిస్టు పెద్దలు జైళ్లకెందుకు పోయారనుకున్నారు అయ్యగారూ? మనిషికీ వాక్యానికీ మధ్య రాజుల్నే నిలబడనివ్వలేదు వాళ్లు. మీరొచ్చి దర్జాగా కుర్చీ వేసుకుంటారా?"

ఆవిడ సంతకం పెట్టలేదు. బల్ల దగ్గర కూటం మూతపడింది. అంతకాలం ఆ బల్ల మీద మోచేతులు ఆనించి, నోరారా మాట్లాడిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి సంతకాలు పెట్టి వచ్చారు. ఎదురుపడితే చూపు తిప్పేసుకున్నారు. అదీ ఆవిడ కడుపు మంట!

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆమె అన్న ఆ సంఘంలో డీకను, పాస్టరుకు తోడుగా సంఘం పనులు చూసే పెద్ద. ఆయన కూతురికి ఆ నెలలోనే బాప్తిస్మం. పిల్ల సంతకం పెట్టనంటే, "డీకను కూతురివి, నా పరువు తియ్యకు" అని పెన్ను చేతికిచ్చి పెట్టించాడట.

"సిగ్గుగా లేదా అన్నయ్యా? ఎవరి నమ్మకానికి ఎవరు సంతకం పెట్టించడం?"

"కాగితమేగా! మనసులో ఏమనుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"మనసులో ఒకటి, కాగితం మీద ఒకటా? ఆ మాత్రానికి ఇంత సంబడం ఎందుకు? పిల్లకు అబద్ధం నేర్పడానికి తొట్టి నిండా నీళ్లు పోయించాలా?"

అన్న తల దించుకుని వెళ్లిపోయాడు.

అంగీ కొలత చూసుకోవడానికి మేనకోడలు వచ్చి స్టూలు ఎక్కింది. కత్తెరక్క కింద కూర్చుని అంచుకు గుండుసూదులు గుచ్చుతోంది.

"నన్నేం చెయ్యమంటావు అత్తా?"

నాలుక చివరిదాకా వచ్చిన మాటను కత్తెరక్క బలవంతంగా మింగేసింది. జన్మలో మొదటిసారేమో! "నేను చెబితే ఆ పాస్టరుకీ నాకూ తేడా ఏముందే? నీ నోరు, నీ జవాబు. కదలకు, సూది గుచ్చుకుంటుంది" అంది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. కత్తెరక్క చివరి బెంచీలో, పళ్లు బిగబట్టి కూర్చుంది. అన్న తువ్వాలు పట్టుకుని తొట్టి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పిల్ల నడుము లోతు నీళ్లలోకి దిగింది. అంగీ తేలలేదు.

"ఇది నీ సొంత నిర్ణయమేనా? ఎవరి బలవంతమైనా ఉందా?" పాస్టరు ఒక చెయ్యి అప్పుడే ఆమె వీపు వెనక్కి చేర్చాడు. జవాబు వినాలన్న ధ్యాసే లేదు.

"ఉంది" అంది పిల్ల.

పాస్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దేవుణ్ణి నమ్మడం నా నిర్ణయమే. ఆ కాగితం మీద సంతకం మాత్రం నాతో పెట్టించారు. ఇక్కడ నిలబడి బలవంతం లేదని చెప్పలేను." మాట చివరి బెంచీదాకా వినపడింది.

"ఇదా మీ అత్త నేర్పింది?" అన్నాడు పాస్టరు.

కత్తెరక్క దిగ్గున లేచింది. "నేనేం నేర్పలేదు! నేర్పకుండా నోరు కట్టుకున్నాను. చూడండి, ఎలా మాట్లాడిందో!"

అప్పుడు అన్న కదిలాడు. తువ్వాలు భుజాన వేసుకుని పక్కగదిలోకి వెళ్లి, సంతకాల కాగితాల ఫైలు తెచ్చి అందరి ముందూ తెరిచాడు. కూతురి కాగితం వెతికి తీశాడు. దాన్ని నిలువునా చింపి, ముక్కలు జేబులో కుక్కుకుని, మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బలవంతం చేసింది నేనే పాస్టరు గారూ. ఇప్పుడు మళ్లీ అడగండి" అన్నాడు.