కండ్ల నడిమి దూరం

తాండూరులో కళ్లద్దాల దుకాణం నడిపిన పెద్దాయన పోయాడని సోమవారం పొద్దున వికారాబాద్‌లో నాకు ఫోన్ వచ్చింది. వినగానే, ముప్పై ఏళ్ల కిందట ఆయనకిచ్చి తప్పిన మాట గుర్తొచ్చింది.

అప్పట్లో నేను మస్కట్‌లో ఒక గోదాములో గుమాస్తాను. పుస్తకం లేనిదే పూట గడవదు కాబట్టి, చూపు మందగించగానే అక్కడే పెద్ద షాపులో కళ్లద్దాలు కొన్నాను. సగం నెల జీతం పోయింది. సెలవులో వచ్చి గొప్పగా ఆయనకు చూపించాను. ఆయన మరలు విప్పి, గాజులు విడదీసి, ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తమ్మీ, నా దగ్గరున్న గాజే గిది. గింత ఎందుకు వెట్టినవ్? వాడు నీ కండ్లు జూసిండా, జేబు జూసిండా?"

షాపువాడి చీటీ ఇచ్చాను. అందులో పవరు ఒక్కటే ఉంది.

"మరి రెండు కంటిపాపల నడిమి దూరం ఏది? గది రాయకుంటే ఇంకోని దగ్గర చేయించుకోలేవు. గట్ల కట్టేసిండు నిన్ను."

దూరంగా చూడమని, ముక్కు మీద స్కేలు ఆనించి కొలిచి, అరవై మూడు మిల్లీమీటర్లని చీటీ వెనక రాశాడు. ఆ తర్వాత మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ నేను అక్కడ అద్దాలు కొనలేదు. సెలవు మీద వచ్చిపోయేవాళ్లు ఆయన చేసినవే తెచ్చిచ్చేవారు. గడియారం కొన్నా, బూట్లు కొన్నా, లోపల ఏముందని అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పాలిష్ బండల దగ్గర పనిచేసేవాళ్లు అద్దాలను అంగీతో తుడవబోతే ఊరుకునేవాడు కాదు. "రాళ్ల పొడి అది, గీతలు వడ్తయ్. ముందు కడగాలె" అని తిడుతూ తానే కడిగిచ్చేవాడు.

కండ్ల నడిమి దూరం కొలిచే మిషన్ ఒకటుందని ఎక్కడో విన్నాడు. "దాంట్లకెళ్లి ఏం కనవడ్తదో ఒక్కసారి చూడాలె తమ్మీ" అన్నాడు. తెస్తానన్నాను.

తెచ్చాను కూడా. వికారాబాద్‌లో పెట్టె దించి, స్నానం చేసి వచ్చేసరికి మా అక్క మొగుడు దాన్ని తీసుకుపోయాడు. పెద్దాయన దుకాణానికి ఎదురుగానే కొత్త షాపు పెడుతున్న తన దోస్తుకు ఇచ్చేశాడు.

"స్కేలు వట్టుకుని కూసునేటోనికి మిషన్ ఎందుకు బామ్మర్దీ? నడిచే దుకాణంల ఉండాలె."

అక్క కాపురం తలచి నోరు మూసుకున్నాను. పెద్దాయనతో దొరకలేదని చెప్పాను.

"పోనీ తియ్యి. నా స్కేలేం అబద్ధం చెప్తలేదు గద" అని నవ్వాడు.

జనం మిషన్ వైపే పోయారు. రెండేళ్లలో ఆయన సగం దుకాణం గొడుగులు బాగుచేసేవాడికి అద్దెకిచ్చాడు. నన్ను మళ్లీ ఏమీ అడగలేదు.

అక్క పోయి నాలుగేళ్లయింది. ఇక దాచే పని లేదు. మొన్న అంత్యక్రియల్లో, ముక్కు మీది నుంచి జారుతున్న బంగారు రంగు అద్దాలను వేలితో పైకి తోసుకుంటూ ఒకాయన పక్కవాళ్లతో అంటున్నాడు: "మస్తు మంచి మనిషి. జర మిషన్ గిట్ల కొనుక్కుంటే బాగుపడేటోడు."

నా అబద్ధం నాదే. ఆ దుకాణాన్ని ముంచిన పాపం మాత్రం ఈ రోజుకీ ఆ బంగారు రంగు అద్దాలాయనదే. ఆయన మా అక్క మొగుడే.