లింగస్వామి తాత దగ్గు

మా లింగస్వామి తాతకు ఏదైనా చదివిపెట్టాలంటే ఒకటే అర్హత ఉండాలి: చదవడం రాకూడదు.

ఇంటికి పెళ్లిపత్రిక వచ్చిందనుకోండి. డిగ్రీ చదివే మనవరాలు శృతి చటుక్కున అందుకుని గడగడా మొదలుపెట్టేది. తాత రెండు చెవులూ మూసుకునేవాడు.

"ఆపు బిడ్డా, ఆపు! నీది ఎక్స్‌ప్రెస్ బస్సు. నాకు ఆర్డినరీ గావాలె. ప్రతి స్టాపుల ఆగాలె."

"మరి నువ్వే చదువుకో తాతా."

"కండ్లు కనవడ్తలేవు గదనే!"

ఆ పత్రిక సాయంత్రం దాకా గూట్లోనే పడి ఉండేది. బడి వదిలాక, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే భిక్షం కూతురు శోభ వచ్చేది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, దిగి, మళ్లీ ఎక్కి చదివేది. ఒకసారి ఆ పిల్ల పెళ్లికొడుకు పేరు దాటేసరికి అక్కడ పెళ్లి అయిపోయి విస్తళ్లు ఎత్తేశారు. తాత మాత్రం "ఎంత మంచిగ సదివినవే!" అని బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

తాత బస్సు కండక్టరుగా చేసి తొంభై నాలుగులో రిటైరయ్యాడు. ఖాకీ చొక్కా విప్పిన మర్నాడే కళ్లు పోయాయని ప్రకటించాడు. ఊరంతా నమ్మింది కానీ తాత భార్య బాలనర్సమ్మ అవ్వ నమ్మలేదు. కూరలో వెంట్రుక పడితే, కంచం ఇంకా అవ్వ చేతిలో ఉండగానే పట్టేసే మనిషిని ఎట్లా నమ్ముతుంది?

"కండ్లు కనవడనోనికి ఎంటిక గెట్ల కనవడ్డదయ్యా?"

"ఎంటికలు కనవడ్తయే. అచ్చరాలే కనవడయ్. గసొంటి రోగం."

"నాకు పెండ్లయినకాడికెల్లి గసొంటి రోగమే," అనేది అవ్వ. ఎవరి రోగమో చెప్పేది కాదు.

ఆ రోగం పట్టుకునే తాత బడికి వెళ్లాడు. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు ఉన్న బడి అది. ఒకటో తరగతికి ఎక్కాలు చెబుతుంటే నాలుగో తరగతి గోడ దూకే బడి. కామేశ్వరమ్మ టీచర్ చేతిలో సుద్దముక్క, చంకలో ఎవరి చంటిపిల్లాడో.

"అమ్మా, కండ్లు కనవడ్తలేవు. జర నలుగురు పోరగాండ్లను ఇస్తె, ఆఖరి పీరియడ్ల బోర్డులు గీర్డులు సదివి చెప్తరు."

టీచర్ సంతోషంగా ఫస్టొచ్చే పిల్లవాణ్ని లేపింది.

"వీడొద్దమ్మా. వీడు మస్తు జల్దీ. నా చెవులు గూడ మెల్లగనే ఇంటయ్. గా ఎనక గోడకు ఆనుకున్నోళ్లను ఇయ్యి."

"వాళ్లకు చదవడం రాదు పెద్దాయనా!"

"నాకు సూడరాదు. జోడి కుదిరింది."

పెద్దసారు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. కనపడని వాడికి చదువు రానివాళ్లు చదివిపెడతారట అని ఊళ్లో నెల రోజులు అదే ముచ్చట. కామేశ్వరమ్మ టీచర్ మాత్రం నవ్వలేదు. అప్పటినుంచి ఏటా గోడకు ఆనుకునే పిల్లలను నలుగురిని తాత వెంట పంపింది.

పంపింది సరే, వాళ్లు చదవడానికి ఏముంది? బడిలో కథల పుస్తకాలు లేకపోలేదు. ఇనప పెట్టె నిండా వచ్చాయి. పిల్లలు ముడితే చిరుగుతాయని, చిరిగితే తనిఖీలో అడుగుతారని పెద్దసారు ఆ పెట్టె సీలు విప్పలేదు. ఆఖరికి విప్పిన రోజున చూస్తే, చెదపురుగులు మన పిల్లల కంటే ముందే అన్నీ చదివేశాయి.

అందుకని తాత తన పాఠాలు తనే వెతుక్కున్నాడు. కిరాణా కొట్టు బోర్డు, అగ్గిపెట్టె, ఎరువుల సంచి, లారీ వెనక రాత, గోడ మీద సిమెంటు ప్రకటన, ఏదీ వదల్లేదు. ఇంట్లో సరుకులు కూడా అక్షరాల సైజును బట్టే తెచ్చేవాడు. ఉప్పు ప్యాకెట్ మీద అక్షరాలు పెద్దవి. పప్పు ప్యాకెట్ మీద సన్నవి. దాంతో ఇంట్లో పప్పు ఉండేది కాదు కానీ, ఉప్పు మాత్రం ఊరందరి మామిడికాయ పచ్చళ్లకు సరిపోయేంత ఉండేది.

"ఉప్పు దిని బతుకుదామా?" అని అవ్వ అరిచేది.

"పప్పు నేర్సుకునెటందుకు ఇంక టైమున్నదే. ముందుగల ఉప్పు రానీ."

పిల్లలు చదువుతుంటే తాత కళ్లు సగం మూసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా తప్పు చదివితే ఖళ్ అని దగ్గేవాడు. అంతే. తప్పు అనడు, తిట్టడు, కొట్టడు. పిల్లలు వెనక్కి వెళ్లి మళ్లీ చదివేవాళ్లు. కళ్లు కనపడని మనిషికి సరిగ్గా తప్పు దగ్గరే దగ్గు ఎట్లా వస్తుందో ఆ పిల్లలకు మొదటి రోజే అర్థమైంది. కానీ ఒక్కరూ బయట చెప్పలేదు. తాత వాళ్ల పరువు కాపాడాడు, వాళ్లు తాత పరువు కాపాడారు.

శోభ అందరికంటే వెనక. నాలుగో తరగతికి వచ్చినా అక్షరాలు కలిసేవి కావు. భిక్షం ఒకరోజు వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"తాతా, పోరికి సదువు అబ్బుతలేదు. ఎండాకాలం సెలవులైనంక బడి ఇడిపిస్త. వాళ్లమ్మతోని మేడ్చల్ల శాపలమ్ముతది."

"నా కండ్లను గుంజుకపోతవారా?"

"మస్తు మందున్నరు గద తాతా నీకు."

"ఉన్నరు. గీమె అన్నిట్ల ఆర్డినరీ. గిట్ల ఎవలు సదువుతరు?"

భిక్షం నవ్వాడు కానీ మాట మార్చలేదు.

ఆ ఎండాకాలం శోభ సెలవుల్లో కూడా రోజూ వచ్చింది. ఆ ఎండాకాలమే ఇంకో వింత జరిగింది. తాత కూరలో వెంట్రుకల గురించి మాట్లాడడం మానేశాడు. అవ్వ పొంగిపోయింది. "ఇన్నేండ్లకు ముసలోనికి బుద్ధొచ్చింది, పెట్టింది సప్పుడు జెయ్యక తింటాండు," అని వాడకట్టంతా చెప్పుకుంది. ఒకటి రెండుసార్లు గడప తట్టుకున్నాడు. "ఏమే, నిజంగనే కనవడ్తలేదే," అన్నాడు. "అవ్ అవ్, నాకు ఎర్కనే," అని అవ్వ పకపకా నవ్వింది.

బడి తెరిచే రోజు పొద్దున శోభను మేడ్చల్‌లో తల్లి దగ్గర దింపుదామని భిక్షం చేపల గంపతో బస్టాపుకు వెళ్లాడు. సంగతి తెలిసి తాత గబగబా బయల్దేరాడు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అవ్వ చెప్పు. "నా చెప్పు, నా చెప్పు" అని తిట్టుకుంటూ అవ్వ వెనక పరిగెత్తింది.

"భిక్షం, ఒక్క బోర్డు. నీ ముందట సదివితె బడికి తోలుతవా?"

"తోలుత. తప్పు సదివితె మాత్రం ఇగ నువ్వు అడుగొద్దు."

బస్సు వచ్చి ఆగింది. శోభ బోర్డు వైపు చూసింది, తాత వైపు చూసింది.

"సి... కిం... ద్రా... బా... ద్."

"ఇన్నవారా!" తాత చప్పట్లు కొట్టాడు. "ఎక్కకుండ్రి, ఇది మనది గాదు."

బస్సు కదిలింది. ఫుట్‌బోర్డు మీది కండక్టరు "మేడ్చల్! మేడ్చల్!" అని అరిచాడు.

భిక్షం గంప కింద పెట్టాడు. "మంచిగ సదివింది! బస్సు వాయె, శాపలు వాయె."

శోభ భోరుమంది. "మేడ్చలనే ఉండె నాయినా! ఎర్ర అచ్చరాలతోని ఉండె. నాకు సదవొస్తది. కావాల్ననే తప్పు సదివిన. తాత దగ్గితె మళ్ల మంచిగ సదువుదామనుకున్న."

"తాత ఎందుకు దగ్గుతడే?"

"ఎన్నడైన తప్పు సదివితె దగ్గుతుండె. గీ నడుమ దగ్గుతలేడు, గందుకే తప్పు సదివి సూసిన. ఇయ్యాల గంత పెద్ద బోర్డు తప్పు సదివినా దగ్గలే. తాతకు నిజంగనే కనవడ్తలేదు నాయినా."

అవ్వ తాత కాళ్ల వైపు చూసింది. ఆ చెప్పు అడగలేదు. ఎండాకాలం అంతా నోరెత్తకుండా తిన్న కూర గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది.

తాతే గొంతు సవరించుకున్నాడు. "భిక్షం, గది తర్వాత సూద్దాం. ముందు పందెం సంగతి జెప్పు. పోరికి సదవొచ్చినట్టా, రానట్టా?"

భిక్షం గంప తన నెత్తికి ఎత్తుకున్నాడు. "పో బిడ్డా, బడికి వో," అన్నాడు. "సాయంత్రం తాత తానకు వో."

పట్నంలో కళ్ల డాక్టరు చాలాసేపు పరీక్షించాడు. నీటికాసుల జబ్బు, పోయిన చూపు ఇక రాదు, కొన్నేళ్ల ముందు రావాల్సింది అన్నాడు. తిరుగు బస్సులో అవ్వ కిటికీ వైపు మొహం పెట్టుకుని ఏడ్చింది.

"గా నాటకం ఆడకపోతె నేను నమ్ముతుంటి గదయ్యా. ఎందుకాడినవ్?"

"బస్సుల మస్తు మందిని జూసిన బాలనర్సీ. బోర్డు సదవరాక తప్పు బస్సెక్కి, అడుగుతె నవ్వుతరని సప్పుడు జెయ్యక కూసొనెటోళ్లు. సూసెటోడు ఎదురుంగ ఉంటె తప్పు సదవనీకి బయ్యమైతది. సూడనోని ముందట ఏం బయ్యం?"

అవ్వ తాత చెయ్యి పట్టుకుని, దిగాల్సిన స్టాపు దాకా వదల్లేదు.

శోభ ఐదో తరగతికొచ్చింది. అరుగు మీద ఏ కాగితం దొరికినా గడగడా చదివేస్తోంది. ఒక సాయంత్రం తాత చెవులు మూసుకున్నాడు.

"ఎక్స్‌ప్రెస్ అయినవ్ బిడ్డా. ఇగ దిగు. రేపటికెల్లి ఎవలన్న ఆర్డినరీని తోలు."

శోభ వెళ్లిపోయింది. మర్నాడు మెల్లగా చదివే ఇద్దరు పిల్లలను తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తను మాత్రం దిగలేదు. ఇంట్లోకి వెళ్లి పాత ఉప్పు ప్యాకెట్ తెచ్చుకుని, తాత పక్కనే కూర్చుని, మొట్టమొదటి రోజు చదివినట్టే అక్షరం అక్షరం దగ్గర ఆగుతూ మొదలుపెట్టింది.

"ప... ప్పు."

తాత ముఖం చిట్లించాడు. చెయ్యి చాపి ప్యాకెట్‌ను నొక్కి చూశాడు. లోపల గరగర.

"ఖళ్!"

లోపలి నుంచి అవ్వ కేక వినపడింది.

"కండ్లు కనవడనోనికి దగ్గు గెట్లొస్తాందయ్యా?"