నేను కడిగానన్న కూలర్

మా అన్నయ్య పోయాడు. ఉదయం ఎనిమిదింటికి ఫోన్లో కబురు వచ్చింది. చేసినాయన లాల్‌ఖదాన్‌లో అన్నయ్య షెడ్డు ఎదురుగా టీ కొట్టు నడుపుతాడు. "ఉస్తాద్ నహీఁ రహే" అన్నాడు. అన్నయ్య రోజూ లాగే షట్టరు సగం ఎత్తి, బెంచీ మీద కూర్చుని, టీ గ్లాసు చేతికి అందేలోపు పక్కకి ఒరిగిపోయాడట. ఆ టీ అలాగే ఉంది, ఏం చేయమంటారని అడిగాడు పాపం. పారబొయ్యమన్నాను.

మన తెలుగు సంఘం సంచికలో అన్నయ్య గురించి నాలుగు ముక్కలు రాయమని పెద్దలు అడిగారు. మంచివాడు, పనిమంతుడు అని రాసి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ అన్నయ్య గురించి మీలో చాలామంది నమ్మే మాట ఒకటుంది. అది అబద్ధం. ఆ సంగతి తెలిసి బతికున్నవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. అందుకని కొంచెం వివరంగా రాస్తాను. తెలుగు చదవడం రాని మన పిల్లలకి ఎవరైనా చదివి వినిపించండి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ బిలాస్‌పూర్ రైల్వేలో చేరారు. తర్వాత నాకూ రైల్వే ఉద్యోగం వచ్చింది. అన్నయ్యకి రాలేదు. గనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర బొగ్గు డంపర్లు బాగుచేసే పనిలో కుదిరాడు. ఆ పెద్ద డంపర్లకి క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. అలాంటి ఆటోమేటిక్ గేర్‌బాక్సు విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ కట్టడం అన్నయ్య అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ రోజుల్లో పాత ఆటోమేటిక్ కారు ఆగిపోతే ఊళ్ళో మెకానిక్కులు దణ్ణం పెట్టి పంపేసేవారు. అవన్నీ అన్నయ్య దగ్గరికి చేరేవి.

బండి రాగానే బాక్సులోని నూనె చుక్క వేలికి రాసుకుని వాసన చూసేవాడు. బాగున్న నూనె ఎర్రగా ఉంటుంది. లోపల గేర్లని పట్టి ఉంచే పల్చటి ప్లేట్లు కాలితే నల్లబడి, మాడిన అన్నం వాసన వేస్తుంది. విప్పిన ప్రతి ముక్కనీ పాత పంచె మీద వరసగా పేర్చేవాడు. ప్లేట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. వదిన భోజనం పట్టుకొచ్చి, "ఈయనకి పెళ్ళాం కంటే ఆ పళ్ళచక్రాలే ఎక్కువ" అని నాతో గొణిగేది. వాళ్ళకి పిల్లల్లేరు. నన్నే సాకారనుకోండి.

ఇంత పాత బాక్సుని నమ్మొచ్చా అని ఎవరైనా అడిగితే అన్నయ్య ఒకటే చెప్పేవాడు. "పాతదని భయపడక్కర్లేదు. ఆఖర్న ఎవడు విప్పేడో తెలీకపోతేనే భయపడాల." ఇంకో మాట కూడా అనేవాడు. "అరిగింది ఎక్కడికీ పోదురా. ఏదో మూల దాక్కుంటాది."

ఆ రెండో మాట కూలర్ గురించి. గేర్‌బాక్సు నూనెని చల్లబరచడానికి కారు ముందు భాగంలో సన్నటి గొట్టాల కూలర్ ఒకటి ఉంటుంది. ప్లేట్లు అరిగినప్పుడు రాలిన పొడి నూనెతో పాటు వెళ్ళి అందులో పేరుకుంటుంది. బాక్సంతా కొత్తగా కట్టినా కూలర్ కడక్కపోతే ఆ పాత పొడి తిరిగి వచ్చి కొత్త ప్లేట్లని తినేస్తుంది. పైకేమీ కనపడదు. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా నడుస్తుంది కూడా.

రైల్వే యార్డులో వ్యాగన్లు కలిపే షంటింగు పని చేస్తుండగా నా ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఆఫీసులో కూర్చునే పని ఇస్తామన్నారు. ఎలా వెళ్ళిరావాలన్నది దిగులు. అన్నయ్య ఎక్కడో మూలపడి ఉన్న పాత ఆటోమేటిక్ కారు సంపాదించి షెడ్డుకి ఈడ్పించాడు. దానికి ఎడమకాలితో పనిలేదు. రెండు వారాలు కూర్చుని బాక్సు మొత్తం నాకోసం కొత్తగా కట్టాడు.

ఆ శనివారం నాకు బాగా గుర్తు. బాక్సు సిద్ధమైంది, కూలర్ కడగడం మిగిలింది. అన్నయ్యని గనుల నుంచి పిలిచారు, డంపరు ఆగిపోయిందని.

"ఇంకొక్క రోజు ఆగరా" అన్నాడు.

"సోమవారం డ్యూటీలో చేరాలన్నయ్యా. ఇంకొకడి బండి ఎనక కూకుని ఎల్లను."

"అచ్ఛా. అయితే కూలరు నువ్వే కడుగు. కిరోసిన్ పొయ్యి, గాలి కొట్టు, బయటికొచ్చింది తెల్లగుడ్డ మీద పట్టు. గుడ్డకి మరక అంటనంతవరకు కడుగుతానే ఉండాల. తెలిసిందేటి?"

కడిగాను. మొదటిసారి గుడ్డ మీద బూడిదరంగు ముద్ద పడింది. రెండోసారీ పడింది. మూడోసారికి తగ్గింది గానీ మరక ఉంది. తెగిన కాలు నిప్పులా మండుతోంది. ఇది చాల్లే అనుకున్నాను. సాయంత్రం అన్నయ్య వచ్చి అడిగాడు.

"గుడ్డ తెల్లగా వచ్చిందేటి?"

"వచ్చింది."

"సరిగ్గా సూసేవా?"

"సూసేనన్నయ్యా."

గుడ్డ చూపించమని అడగలేదు. తమ్ముడి మాట కదా. అదే రాత్రి బాక్సు బండికి బిగించేశాడు. సోమవారం నేను దొరలా కారు నడుపుకుంటూ ఆఫీసుకెళ్ళాను.

మూడు నెలలైనా కాలేదు. అన్నయ్య గనుల దగ్గర ఉన్నాడు. గతౌరాలో చుట్టాలింట్లో పూజ ఉంటే వదినని తీసుకుని నేను వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడకి గుండెల్లో నొప్పి వచ్చింది, ఒళ్ళంతా చెమటలు. వెనక సీట్లో పడుకోబెట్టి బిలాస్‌పూర్ ఆస్పత్రికి బయల్దేరాను. కొంతదూరం వచ్చాక ఇంజన్ గట్టిగా అరిచింది, బండి కదల్లేదు. ముందుకు పోయే ఏ గేరూ పట్టడం లేదు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, నా దగ్గర లేదు. రోడ్డు మీద పురుగు లేదు. ఒంటికాలి మనిషిని, ఆవిణ్ణి ఎత్తుకుని పోలేను. ఆఖరికి రివర్సు వేశాను. అది పట్టింది.

రివర్సు ఒక్కటే పట్టింది. ఆస్పత్రి ముందుంది, మేము వెనక్కి గతౌరా వైపు పోతున్నాం. అక్కడైతే ఇంకో బండి దొరుకుతుందని నా ఆశ. మెడ తిప్పి వెనక అద్దంలోంచి దారి చూస్తూ నడపాలి కాబట్టి వదిన ముఖం నా కళ్ళెదురుగానే ఉంది.

"ఏటి బాబూ, ఎనక్కి ఎల్తన్నాం?" అంది.

"ఏటీ లేదు వదినా. బండి మారుద్దాం."

"ఊరు దూరమైపోతన్నాది బాబూ." నావైపే చూస్తూ ఉండిపోయింది. గతౌరా స్టేషన్ దగ్గర జీపు దొరికింది. నలుగురూ కలిసి ఎక్కించేసరికి ఆవిడ లేదు.

కర్మ అయ్యాక అన్నయ్య ఆ బాక్సు విప్పాడు. పరామర్శకి వచ్చిన ప్రతివాడితోనూ, "నా సేత్తో కట్టిన బాక్సు. తప్పు నాది" అనేవాడు. ఒకరోజు నేను ధైర్యం చేసి, "అన్నయ్యా, నీకో మాట సెప్పాల" అన్నాను. కంచంలోంచి తలెత్తకుండా, "ఇప్పుడొద్దురా. తిను" అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఊరు ఊరుకుంటుందా? సొంత పెళ్ళాన్ని తన గేర్‌బాక్సుతో చంపుకున్నవాడని పేరు పడింది. డంపర్ల వాళ్ళు రావడం మానేశారు. ఒకసారి గోల్ బజార్‌లో టీ తాగుతుంటే మనవాళ్ళే ఇద్దరు ఆ మాట చెప్పుకుని నవ్వారు. నేను పక్కనే ఉన్నాను. తలొంచుకుని టీ తాగి లేచి వచ్చాను.

ఆ తర్వాత అన్నయ్య కూలర్ కడిగే పని ఎవరికీ ఇవ్వలేదు. తనే కడిగేవాడు. చివరి తెల్లగుడ్డని బండి యజమానికి వెలుతురులో చూపించి గానీ బండి అప్పగించేవాడు కాదు. పశ్చాత్తాపం అనుకున్నారు అందరూ, నేను కూడా. నా కారు బాక్సు కూడా మళ్ళీ కట్టాడు, కొత్త కూలర్ పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. ప్రతి ఆదివారం మా క్వార్టరుకి వచ్చి నా పక్కన కూర్చుని భోంచేశాడు, తను పోవడానికి ముందు ఆదివారం దాకా.

పన్నెండోరోజు అయ్యాక షెడ్డు ఖాళీ చేయడానికి వెళ్ళాను. బెంచీ కింద రేకుపెట్టెలో వదిన చీర ఒకటుంది. అందులో ఏదో బరువైనది చుట్టి ఉంది. విప్పితే నా కారు పాత కూలర్. రంపంతో నిలువునా రెండుగా కోసి ఉంది. కోసిన అంచులు ఎప్పుడో నల్లబడిపోయాయి. లోపల గొట్టాలనిండా ఎండిన బూడిదరంగు ముద్ద.

అన్నయ్యకి తెలుసు. బాక్సు విప్పిన నాడే తెలుసు. తెలిసీ ఊరంతా ఛీకొడుతుంటే పడ్డాడు, ఒక్కసారైనా నా పేరు బయట పెట్టలేదు. వదినని చంపింది అన్నయ్య పనితనం కాదు, నా అబద్ధం. ఇది మీరందరూ తెలుసుకోవాలనే రాశాను. అన్నయ్య కట్టిన బాక్సులో ఏ లోపమూ లేదు.

ఆరోజు నేను ఇంటికి వెళ్ళలేదు. కాలు చాపుకుని నేలమీద కూర్చుని, ఆ రెండు ముక్కల మీద కిరోసిన్ పోసి, కుంచెతో తోమి, గుడ్డ మీద పట్టాను. మూడోసారి మరక. ఏడోసారి కూడా మరక. ఎన్నిసార్లు కడిగానో తెలీదు, పొద్దు వాలేసరికి గుడ్డకి ఏమీ అంటలేదు. వెలుతురులో పెట్టి చూశాను, తెల్లగా ఉంది. తీసుకెళ్ళి షెడ్డు ముందు తీగ మీద ఆరేశాను. అంతలో బొగ్గు బండి వచ్చింది. వ్యాగన్లన్నీ దాటేదాకా నిలబడి చూశాను. ఒక్కొక్క నలుసే గాలికి వచ్చి గుడ్డ మీద వాలుతోంది.