నాపరాయి మీద మధ్యాహ్నాలు

మతిమరుపు ముదిరి, పొయ్యి వెలిగించిన సంగతి సైతం మరిచిపోతున్న మా అక్కను నరసరావుపేటలోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో నేనే చేర్పించాను. ఆమె కాళ్ళు మాత్రం గట్టివి. ఉదయం వేళ వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడమే ఆమెకు మిగిలిన స్వేచ్ఛ.

చేర్పించిన నాడే గది పైకప్పుకు బిగించిన కెమెరా నా కంటబడింది. ఎవరైనా కిందపడితే కంప్యూటరే గుర్తించి, గదులు చూసుకునే ఆయా ఫోనుకు కబురు పంపుతుందని మేనేజరు వివరించాడు. ప్రధానోపాధ్యాయుడిగా ఏళ్ళ తరబడి హాజరుపట్టీలు సరిచూసినవాణ్ణి నేను. ఎవరు రాశారో తెలియని నమోదును ఏనాడూ నమ్మలేదు. దీనినీ నమ్మలేదు.

ఎండలు ముదిరాక మేనేజరు నన్ను పిలిపించి ట్యాబ్ చూపాడు. అక్క గది నంబరు ఎదుట ఎర్రగుర్తు ఉంది.

"మాస్టారూ, పెద్దావిడ దాదాపు రోజూ పడిపోతున్నారండీ. సిస్టమ్ హై రిస్క్ అంటోంది. సోమవారం నుంచి పైఅంతస్తులో చుట్టూ కడ్డీలున్న మంచానికి మారుస్తాం."

"రోజూ పడే మనిషికి ఒంటి మీద ఒక్క గీతైనా లేదేమి?"

ఏ వేళకు పడిందో చూపమన్నాను. ప్రతి నమోదూ మధ్యాహ్న భోజనం తరువాతిదే. నా అనుమానం గట్టిపడింది.

మరునాడు ఆమె గదిలో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. అక్క అన్నం తిని, తువ్వాలు తడిపి, మంచం పక్కన నాపరాతి నేలను తుడిచింది. మెల్లగా దిగి, చెయ్యి తలకింద పెట్టుకొని నడుం వాల్చింది. మా పల్నాటి ఎండల్లో పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ ఆమె గడిపిన మధ్యాహ్నాలన్నీ ఇలాంటివే. క్షణాల్లో వసారాలో ఫోను మోగింది. ఆయా గుమ్మంలోంచి తొంగిచూసి, తెరమీద ఏదో నొక్కింది.

"అక్క పడలేదుగా, ఏమి నొక్కావమ్మా?"

"పచ్చ బటనండీ మాస్టారూ. చూశానని. నొక్కకపోతే మోగతానే ఉంటది. అమ్మమ్మకు నేల చల్లగా ఉంటదని నాకు తెలుసుగా!"

ఆ పచ్చ బటనుకు 'పడినది నిజమే' అని అర్థమని తరువాత మేనేజరు చెప్పాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అక్క కళ్ళు తెరవకుండానే అన్నది: "ఏందిరా, నేను పడ్డానా? ఆ కప్పుకి అంటించినదానికి ముందు కళ్ళద్దాలు పెట్టించు."

ఆయాను వెంటబెట్టుకొని మేనేజరు వద్దకు వెళ్ళి జరిగినదంతా చెప్పించాను. పైఅంతస్తు ప్రస్తావన ఆగిపోయింది. భోజనం తరువాత ఆ గదిలో నేల మీద పడుకోవడం మామూలేనని సిస్టమ్‌కు నేర్పిస్తామన్నాడు. వారంలో ఎర్రగుర్తు పోయింది, మధ్యాహ్నం ఫోను మోగడమూ ఆగింది.

"మరి ఆ వేళలో నిజంగానే పడితే?" అని అడిగాను.

"అది తేడా కనిపెడుతుందిలెండి, మాస్టారూ," అన్నాడు, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండానే.

అప్పటినుంచి రోజూ ఒంటిగంటకు ఆ గదికి వెళుతున్నాను.

"ఒరేయ్, నాకు నువ్వు కాపలా ఏందిరా? ఇంటికిపోయి కాసేపు నడుం వాల్చు," అని అక్క రోజూ కసురుకుంటుంది. నిన్న వచ్చానన్న సంగతి ఆమెకు గుర్తుండదు.

ఆమె, ఆ కెమెరా ఒకేసారి కనబడేలా కుర్చీ జరుపుకొని కూర్చుంటాను.