ఆట అయ్యాకే దండం

మా జూడో సార్ పోయారని మొన్న పొద్దున గని టౌన్‌షిప్ నుంచి ఫోన్ వచ్చింది. జగదల్‌పూర్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు అప్పుడే ప్రార్థనకు వరుస కడుతున్నారు. సార్ గురించి వాళ్లకు చెప్పబోతే, ఏడుపుకంటే ముందు ఆయన మాటే నా నోట వచ్చింది: "పట్టు దొరికిందా? మరి భయమేటి?"

విజయనగరం వైపు నుంచి ఇనుప గనిలో డంపర్ నడపడానికి వచ్చిన మనిషి ఆయన. డ్యూటీ దిగి స్నానం చేసి, అయినా వదలని ఎర్రమట్టి వాసనతో, టౌన్‌షిప్‌లో మేముండే చూపులేని పిల్లల హాస్టల్‌కు వచ్చేవారు. నేను ఆవపల్లి పక్క పల్లెదాన్ని. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. జూడో పేరైనా వినలేదు. సార్ నా చేతుల్లో ఒకటి తన కాలరు మీద, ఒకటి చొక్కా చేతి మీద పెట్టి, మన ఆట ఇలా పట్టుకునే మొదలవుతుందన్నారు. మాతో ఆడేటప్పుడు తానూ కళ్లకు తువ్వాలు కట్టుకునేవారు. మేం పడేస్తే కిందినుంచే "సెబాస్!" అని అరిచేవారు.

నా మొదటి పోటీకి ముందు నాన్న వచ్చి నా మోచేతి వాపు చూశాడు.

"ఏంది సారూ, కండ్లులేని పిల్లను కిందేసి కొట్టుడేంది? నేనొచ్చి చూస్త. ఒక్క ఆటన్న గెలవకుంటే ఇంటికి తోల్కపోత. బడి లేదు, ఏం లేదు."

నా చదువంతా ఆ పోటీ మీదే ఆధారపడింది.

కాలు తగిలితే దండం పెట్టాలని అమ్మ నేర్పింది. సాధనలోనూ నేను ఆగి పెట్టుకునేదాన్ని. సార్ నవ్వి ఊరుకునేవారు. పోటీలో అవతలి అమ్మాయి కాలిని నా కాలితో ఊడ్చాను. ఆమె తూలింది. అలవాటుగా ఒక చెయ్యి వదిలి, ఆమె భుజం తాకి కళ్లకద్దుకున్నాను. అంతే, నేను వెల్లకిలా పడ్డాను.

"చాలు బిడ్డా, పా పోదాం," అన్నాడు నాన్న.

"ఇంకో ఆటుంది అన్నా. టీ తాగి చూడు," అన్నారు సార్. తర్వాత నా చెవి దగ్గర, "ఏటే తల్లీ, మధ్యలో దండమేటి? ఆఖర్న అన్నీ కలిపి పెట్టు. దేవుడు కాసేపు ఆగుతాడులే."

రెండో ఆటలో కాలు విసిరాను. రెండు చేతులూ వదల్లేదు. ఆ అమ్మాయి వీపు చాపకు తగిలిన చప్పుడు విన్నాక, వెతికి ఆమె పాదాలకు మొక్కాను.

"అరే దీదీ, పడేసి మొక్కుతావేంటి!" అని ఆమె హిందీలో అనేసరికి హాలంతా నవ్వు. ఆ నవ్వులమీదుగా నాన్న గొంతు, వచ్చీరాని హిందీలో: "మేరా బేటీ! మేరా బేటీ!"

బస్టాండులో నాన్న, నన్ను ఇంటికి తీసుకుపోదామని ముందే సర్దించి తెచ్చిన నా సంచీ తన భుజం మీంచి తీసి సార్‌కు ఇచ్చాడు. "పరీక్షలయినంక పంపు సారూ," అని ఒంటరిగా ఆవపల్లి బస్సెక్కాడు. సార్ సంచీ తగిలించుకుని ముందు నడిచారు. అందులోని పళ్లెం, గ్లాసు ఆయన అడుగడుగుకీ గలగలమంటుంటే, నేను ఆ చప్పుడు వెంట టౌన్‌షిప్ బస్సు వైపు నడిచాను.