అత్తమ్మ ఆనుకున్న గోడ

సూరత్‌లో మేముండేది భేస్తాన్ పక్క. చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని ఇంట్లోనే చేస్తాను కాబట్టి, ముందుగది నిండా చీరల మూటలే. ఆ మూటల సందులో గోడకు ఆనుకొని కూర్చోవడం, మధ్యాహ్నం అక్కడే ఒరగడం మా అత్తమ్మకు అలవాటు.

చలికాలంలో ఒకనాడు ఆమె గోడకు వీపు ఆనించి, "ఈ గోడ మంచిగ కాపడం పెడుతున్నదే పిల్లా. నువ్వైతే ఎన్నడు పెట్టకపోతివి," అంది.

"గట్లయితే గోడనే కోడలిని చేసుకో అత్తమ్మా," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాక నాకు అనుమానం వచ్చింది. ఆ గోడకు ఎండ తగలదు. లేచి చెయ్యి పెట్టి చూశాను. స్విచ్‌బోర్డు కింద గోడ చురుక్కుమంది. ఆమెను వాకిట్లోకి పంపి, మెయిన్ ఆపేసి, మూటలన్నీ అవతలికి ఈడ్చాను.

మా గల్లీ ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. పాత సన్న వైరు మీద ఫ్రిజ్, కుట్టుమిషను మోటారు రెండూ నడుపుతున్నాం. వైరు కరిగి, వెనక చెక్క బొగ్గయింది.

"జర ఆలస్యమైతే చీరలు అంటుకుంటుండె అక్కా. గివి అంటుకుంటే ఆర్పుడు కష్టం," అన్నాడు.

అత్తమ్మ ఒరిగే చోటు నుంచి ఆమె దిండు తీసి, అవతలి గోడ దగ్గర పెట్టాను.

వాకిట్లోంచి అత్తమ్మ, "నేను చెప్పకపోతే మీకు తెలుస్తుండెనా?" అని గట్టిగా అడిగింది.

ఆ పూట కరెంటు లేకుండానే, బయట చాప వేసుకొని తిన్నాం. చారులో ఉప్పు లేదని ఆమె నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది.